‘కచ్చితంగా పంపాలా?’ అని ఎన్నిసార్లు అడిగినా తప్పులు ఎందుకు తగ్గవు

మీ ప్రశ్న సారాంశం ఇది. ఒక పాల సహకార సంఘానికి చెల్లింపుల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు. గుమస్తాలు సభ్యుల ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, మొత్తం నమోదుచేసి డబ్బు పంపుతారు. అప్పుడప్పుడు అంకె తప్పుపడి డబ్బు వేరొకరికి వెళ్తోంది, ఒకే చెల్లింపు రెండుసార్లు కూడా వెళ్తోంది. మీ మేనేజరు పంపే ముందు ‘కచ్చితంగా పంపాలా?’ అనే పాప్‌అప్ పెట్టించారు. ఫలితం లేదు. ఇప్పుడు రెండో పాప్‌అప్ పెట్టాలా, గుమస్తాలకు మళ్లీ శిక్షణ ఇవ్వాలా అని అడిగారు.

రెండూ వద్దు. చెల్లింపుల స్క్రీన్లు రూపొందించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీ సమస్యకు పరిష్కారం మూడు చోట్ల ఉంది: తప్పును పట్టుకోవడానికి కావలసిన సమాచారాన్ని గుమస్తా కళ్ల ముందు ఉంచడం, యంత్రానికి తెలిసినదాన్ని యంత్రమే సరిచూడడం, జరిగిన తప్పును వెనక్కి తీసుకోవడానికి కాస్త సమయం ఇవ్వడం. పాప్‌అప్ ఈ మూడింటిలో ఒక్కటీ చేయదు.

ఎందుకు చేయదో ముందు చెప్తాను, మీ మేనేజరును ఒప్పించడానికి ఇది అవసరం. మనుషుల తప్పులు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో ఉద్దేశం సరైనదే, చేయి జారుతుంది: 6 కొట్టబోయి 9 కొడతారు, జాబితాలో ఒక పేరు నొక్కబోయి దాని కింది పేరు నొక్కుతారు. రెండో రకంలో చేయి సరిగానే పనిచేస్తుంది, అవగాహనే తప్పు: ‘సేవ్’ నొక్కితే డబ్బు వెళ్లిపోతుందని తెలియక నొక్కుతారు. డిజైన్ పరిశోధకుడు డొనాల్డ్ నార్మన్ 1980ల మొదట్లోనే ఈ తేడా ఆధారంగా ఇంటర్‌ఫేస్‌లు ఎలా ఉండాలో రాశారు. ఇప్పుడు మీ పాప్‌అప్‌ను ఈ రెండింటి ముందు పెట్టి చూడండి. చేయి జారిన మనిషిని ‘పంపాలా?’ అని అడిగితే అతను తన ఉద్దేశాన్ని తలచుకుని ‘అవును’ అంటాడు. ఉద్దేశం నిజంగా సరైనదే కదా. అవగాహన తప్పిన మనిషి తాను చేస్తున్నది సరైనదేనని నమ్ముతున్నాడు, అతనూ ‘అవును’ అంటాడు. పైగా రోజుకు రెండు వందల చెల్లింపులు చేసే గుమస్తాకు ఆ ‘అవును’ రెండు రోజుల్లో వేలికి అలవాటైపోతుంది. ఆ తర్వాత అది ప్రశ్నగా కనిపించదు, పని పూర్తిచేయడానికి నొక్కాల్సిన ఇంకో మీటగా మాత్రమే ఉంటుంది.

దీనికి 2020 ఆగస్టులో సిటీబ్యాంకులో జరిగిన సంఘటన కన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. సౌందర్య సాధనాల సంస్థ రెవ్లాన్ తరఫున అప్పు ఇచ్చినవారికి దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలి. సుమారు 90 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి. వాళ్లు వాడిన ఫ్లెక్స్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్‌లో, అప్పు తాలూకు అసలు సొమ్ము బయటకు పోకుండా బ్యాంకు లోపలి ఖాతాలోకే మళ్లాలంటే ‘ప్రిన్సిపల్’, ‘ఫ్రంట్’, ‘ఫండ్’ అనే మూడు గడుల్లోనూ ఆ ఖాతాను నింపాలి. ‘ప్రిన్సిపల్’ గడి ఒక్కటి నింపితే చాలనుకున్నారు. నమోదు చేసింది ఒకరు, సరిచూసింది మరొకరు, ఆమోదించింది ఇంకొక సీనియర్ అధికారి. ముగ్గురూ ఒకే రకంగా పొరబడ్డారు. హెచ్చరిక రాలేదా అంటే వచ్చింది. నిధులు బ్యాంకు బయటకు వెళ్తాయి, కొనసాగించాలా అని అడిగింది. ఎంత మొత్తం వెళ్తుందో అందులో లేదు. వడ్డీ ఎలాగూ బయటకు వెళ్లాల్సిందే కాబట్టి ఆ హెచ్చరికలో వాళ్లకు వింతేమీ కనిపించలేదు. దాదాపు 50 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి గ్రహీతలు నిరాకరించారు. 2021 ఫిబ్రవరిలో కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. 2022 సెప్టెంబరులో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసే దాకా ఆ సొమ్ము సంగతి తేలలేదు.

అక్కడ లోపించింది జాగ్రత్త కాదు. ముగ్గురు మనుషులు, ఒక హెచ్చరిక ఉన్నాయి. ‘బయటకు వెళ్లే మొత్తం ఇంత’ అని ఆ హెచ్చరికలోనే చూపించి ఉంటే అంత పెద్ద సంఖ్య ఎవరో ఒకరి కంట్లో పడే అవకాశం ఉండేది. మీ పాప్‌అప్‌లో కూడా పేరు లేదు, మొత్తం లేదు, బ్యాంకు లేదు. ఏమీ చూపించకుండా ‘కచ్చితమేనా’ అని అడగడం బాధ్యతను గుమస్తా మీదకు నెట్టడమే. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: ఇలాంటి పాప్‌అప్‌లు యూజర్‌ను కాపాడడానికి కాక, రేపు తప్పు జరిగితే ‘మేము అడిగాం కదా’ అని చెప్పుకోవడానికి పుడతాయి.

యంత్రమే పట్టుకోవాల్సిన తప్పుకు ఉదాహరణ జపాన్‌ది. 2005 డిసెంబరు 8న మిజుహో సెక్యూరిటీస్ ఉద్యోగి ఒకరు జె-కామ్ అనే కంపెనీ షేరు ఒకటి 6,10,000 యెన్‌లకు అమ్మాల్సి ఉండగా, 6,10,000 షేర్లను ఒక్కో యెన్‌కు అమ్మకానికి పెట్టారు. ఆ కంపెనీ జారీచేసిన షేర్లే మొత్తం 14,500. లేని షేర్లను ఎవరూ అమ్మలేరన్నది మనిషిని అడిగి తేల్చుకోవాల్సిన విషయం కాదు. రద్దు చేయబోతే ఎక్స్ఛేంజీ వ్యవస్థలోని లోపం వల్ల అదీ కుదరలేదు. నష్టం 4,000 కోట్ల యెన్‌లు దాటింది.

ఇప్పుడు మీ స్క్రీన్‌కు వద్దాం. మొదట గడుల క్రమం మార్చండి: ఐఎఫ్‌ఎస్‌సీ ముందు, ఖాతా నంబరు తర్వాత. ఐఎఫ్‌ఎస్‌సీలో 11 గుర్తులుంటాయి. మొదటి నాలుగు బ్యాంకును తెలిపే అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, మిగిలిన ఆరు శాఖవి. ఐదో స్థానంలో సున్నాకు బదులు ఇంగ్లిషు ‘ఓ’ అక్షరం కొట్టడం చాలా మామూలు. అక్కడ ‘చెల్లని కోడ్’ అని ఎర్ర అక్షరాలతో రాయడంలో అర్థం లేదు. అక్కడ సున్నా తప్ప ఇంకేమీ ఉండదని మీ ప్రోగ్రాముకు తెలుసు, మౌనంగా సరిచేయండి. చిన్న అక్షరాలు కొడితే పెద్దవిగా మార్చండి, మధ్యలో ఖాళీలు వస్తే తీసేయండి. ఇవి యూజర్ దాకా వెళ్లాల్సిన తప్పులే కావు.

కోడ్ పూర్తికాగానే బ్యాంకు పేరు, శాఖ, ఊరు కింద చూపించండి. ‘నరసరావుపేట’ అని రావాల్సిన చోట ‘నర్సంపేట’ అని వస్తే గుమస్తాకు వెంటనే తెలుస్తుంది. బ్యాంకు ఏదో తెలిసింది కాబట్టి ఖాతా నంబరు పొడవు కూడా దాదాపు తెలిసినట్టే: ఎస్‌బీఐకి 11 అంకెలు, హెచ్‌డీఎఫ్‌సీకి 14. ఒక అంకె తగ్గితే అప్పుడే చెప్పవచ్చు. అయితే దీన్ని అడ్డుగోడగా పెట్టకండి. ఎస్‌బీఐ నంబర్లను కొన్ని చోట్ల ముందు సున్నాలు చేర్చి 17 అంకెలుగా రాస్తారు. విలీనాల తర్వాత ఒకే బ్యాంకులో వేర్వేరు పొడవుల నంబర్లు ఉన్నాయి. కాబట్టి ‘సాధారణంగా 11 ఉంటాయి, ఇక్కడ 10 ఉన్నాయి, ఒకసారి పాస్‌బుక్ చూడండి’ అనే ధోరణి సరిపోతుంది.

ఆధార్ నంబరులో చివరి అంకె సరిచూడడానికే ఉంది. వెర్హోఫ్ పద్ధతి ప్రకారం లెక్కగట్టిన ఆ అంకె వల్ల ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా వెంటనే బయటపడుతుంది. బ్యాంకు ఖాతా నంబర్లకు దేశమంతటా వర్తించే అలాంటి ఏర్పాటు లేదు. పైగా ఎలక్ట్రానిక్ బదిలీల్లో పేరు సరిపోయిందా లేదా చూడకుండా ఖాతా నంబరు ఆధారంగానే జమ చేసే పద్ధతి మన దగ్గర ఏళ్ల తరబడి నడిచింది. అంటే పేరు గడిలో మీరు ఎంత సరిగా రాసినా అది రక్షణ కాదు. అందుకే 2024 డిసెంబరు 30న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం మీలాంటివారికి చాలా ముఖ్యం. బ్యాంకుల మధ్య డబ్బు పంపే ఆర్టీజీఎస్, నెఫ్ట్ పద్ధతుల్లో పంపే ముందే ఖాతాదారు పేరు చూసుకునే సౌకర్యాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులు అందించాలని చెప్పింది. యూపీఐ, ఐఎంపీఎస్‌లలో అది అప్పటికే ఉంది. మీ సంఘం బ్యాంకుతో మాట్లాడి ఆ సౌకర్యాన్ని మీ సాఫ్ట్‌వేర్‌కు కలుపుకోండి. అది కుదిరేలోగా కొత్త సభ్యులకు పెన్నీ డ్రాప్ చేయండి: ఒక్క రూపాయి పంపితే ఖాతాదారు పేరు తిరిగి వస్తుంది.

ఆ పేరును ఎలా చూపిస్తారన్నదే అసలు డిజైన్. అక్షరం అక్షరం పోల్చి ‘సరిపోలలేదు’ అని ఆపేస్తే మన ఊళ్లలో సగం చెల్లింపులు నిలిచిపోతాయి. సంఘం పుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, బ్యాంకులో పొడి అక్షరంగా చివర ఉంటుంది. వెంకటరమణ ఒకచోట ఒక పదం, మరోచోట రెండు పదాలు. ఈ తేడాలను మనిషి కన్ను క్షణంలో దాటుతుంది, ప్రోగ్రాము దాటలేదు. కాబట్టి రెండు పేర్లనూ ఒకదాని కింద ఒకటి, పెద్ద అక్షరాల్లో పెట్టి గుమస్తానే చూడనివ్వండి. ఇక్కడ మనిషిని అడగడం సబబు, ఎందుకంటే ఈ జవాబు అతనికే తెలుసు.

ఖాతా నంబరును రెండుసార్లు కొట్టించడం, మొదటిసారి కొట్టినది చుక్కలుగా దాచడం, పేస్ట్‌ను నిషేధించడం మన దగ్గర ఆచారమైపోయింది. రెండుసార్లు కొట్టించడం వల్ల చేయి జారిన తప్పులు కొన్ని దొరుకుతాయి, ఒప్పుకుంటాను. కానీ పాస్‌బుక్‌లో 3ను 8గా చదివినవారు రెండోసారీ 8గానే చదువుతారు. పేస్ట్‌ను ఆపడం మాత్రం నేరుగా హాని. సభ్యుడు పంపిన మెసేజీలోని 14 అంకెలను చూసి కొట్టడం కన్నా కాపీ చేయడమే నమ్మదగినది. అంకెలను దాచకండి, నాలుగేసి చొప్పున విడదీసి చూపించండి. చూసి సరిపోల్చుకోవడం అప్పుడే సాధ్యం.

మొత్తం దగ్గర ఒక చిన్న పని చాలా మేలు చేస్తుంది. 150000 అని కొట్టగానే కింద ‘1,50,000 – ఒక లక్ష యాభై వేల రూపాయలు’ అని రాయండి. చెక్కు మీద అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించేది ఇందుకే. ఒక సున్నా ఎక్కువైతే ‘పదిహేను లక్షలు’ అనే మాట కనిపిస్తుంది, ఆ మాటను ఎవరూ చూడకుండా దాటలేరు. విదేశీ లైబ్రరీలు (ప్రోగ్రాముల్లో వాడే రెడీమేడ్ కోడ్) మూడేసి అంకెలకు కామా పెడతాయి, అది మన కంటికి అలవాటు లేదు. లక్షల పద్ధతికి మార్చడం మరచిపోకండి.

ఎక్సెల్ జాబితా అప్‌లోడ్ చేసే సౌకర్యం కూడా ఉందని రాశారు. మీ ‘గుమస్తా తప్పులు’ కొన్ని అక్కడే పుడుతున్నాయని నా గట్టి అనుమానం. ఎక్సెల్ ఖాతా నంబరును సంఖ్యగా తీసుకుంటే ముందున్న సున్నాలు పోతాయి. అది 15 అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది కాబట్టి 16 అంకెల నంబరులో చివరిది సున్నాగా మారిపోతుంది. గుమస్తా సరిగానే కొట్టాడు, ఫైలు మార్చేసింది. ఆ గడిని ‘టెక్స్ట్’గా ముందే అమర్చిన ఫైలును మీరే ఇవ్వండి. 16 అంకెల నంబరు సున్నాతో ముగిస్తే అప్‌లోడ్ దగ్గరే ఆపి చూపించండి.

సభ్యుల పేర్లు తెలుగులో రాస్తే ‘అక్షరాలు మాత్రమే వాడండి’ అని వస్తోందని మధ్యలో ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. అది చిన్న విషయం కాదు. తన పేరు తన లిపిలో రాసినవారికి మీ సాఫ్ట్‌వేర్ ‘ఇది అక్షరం కాదు’ అంటోంది. కారణం సాంకేతికమైనది. యూనికోడ్‌లో మన గుణింతపు గుర్తులు, పొల్లు, పూర్ణానుస్వారం (సున్న) ‘అక్షరం’ అనే వర్గంలో ఉండవు, ‘గుర్తు’ అనే వేరే వర్గంలో ఉంటాయి. పైథాన్‌లో ‘తెలుగు’ అనే పదానికే, అన్నీ అక్షరాలేనా అని చూసే ఇజ్‌ఆల్ఫా పరీక్ష ‘కాదు’ అని జవాబిస్తుంది. అక్షరాల వర్గంతో పాటు గుర్తుల వర్గాన్నీ అనుమతించండి. పొడవు పరిమితి కూడా చూడండి: ‘శ్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు కోడ్‌లు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. ఇరవై బైట్ల గడిలో చాలా తెలుగు పేర్లు పట్టవు. ‘ఇంటిపేరు కనీసం రెండు అక్షరాలు’ అనే నిబంధన ఉంటే అదీ తీసేయండి.

తర్వాతది వెనక్కి తీసుకునే వీలు. జీమెయిల్‌లో ‘పంపడం రద్దు’ ఎలా పనిచేస్తుందో గమనించారా? వెళ్లిన ఉత్తరాన్ని అది వెనక్కి తేదు. మీరు ఎంచుకున్నంత సేపు, గరిష్ఠంగా 30 సెకన్లు, పంపకుండా ఆగుతుంది. మనిషి తన తప్పును గుర్తించేది చాలాసార్లు బటన్ నొక్కిన మరుక్షణంలోనే. నొక్కే ముందు పని మీద ఉన్న దృష్టి, నొక్కిన తర్వాత ఫలితం మీదకు మళ్లుతుంది. అందుకే ముందు అడిగే ప్రశ్న కన్నా తర్వాత ఇచ్చే గడువు ఎక్కువ పనిచేస్తుంది. మీకు ఇంకో అనుకూలత ఉంది. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్నా, సెటిల్‌మెంట్ అరగంటకో బ్యాచ్‌గానే జరుగుతుంది. పాల బిల్లు పది నిమిషాలు ఆలస్యమైతే రైతుకు నష్టం లేదు. కాబట్టి ‘పంపు’ నొక్కగానే చెల్లింపును పది నిమిషాలు వరుసలో ఉంచండి. పేరు, మొత్తం, ‘రద్దు’ బటన్ కనిపిస్తూ ఉండాలి. పాప్‌అప్‌లను తీసేయడానికి మీ మేనేజరు ఒప్పుకునేది ఈ గడువు చూసిన తర్వాతే.

రెండుసార్లు వెళ్లే చెల్లింపుల విషయంలో గుమస్తా తప్పు అసలు లేదు. నెట్‌వర్క్ నెమ్మదిస్తుంది, స్క్రీన్ మీద ఏ మార్పూ కనిపించదు, మళ్లీ నొక్కుతాడు. బటన్‌ను నొక్కగానే నిలిపివేయడం సగం మందు మాత్రమే, పేజీ రీలోడ్ చేస్తే అది మళ్లీ బతుకుతుంది. చెల్లింపు స్క్రీన్ తెరిచినప్పుడే దానికి ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన చెల్లింపు ఆదేశాన్ని సర్వర్ తిరస్కరించేలా చేయండి. అంతకన్నా ముఖ్యం, జవాబు రాకపోతే ‘విఫలమైంది’ అని ఎప్పుడూ రాయకండి. బ్యాంకు నుంచి జవాబు రాలేదంటే డబ్బు వెళ్లి ఉండవచ్చు, వెళ్లకపోయీ ఉండవచ్చు. ‘ఫలితం ఇంకా తెలియలేదు. మళ్లీ పంపకండి, తెలియగానే ఇక్కడే చూపిస్తాం’ అని రాయండి. మీరు ‘విఫలం’ అన్నందుకే గుమస్తా రెండోసారి పంపాడు.

ఇక సందేశాల భాష. 1985–87 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురు రోగులకు మితిమీరిన మోతాదు ఇచ్చింది, వారిలో కొందరు మరణించారు. టెక్సస్‌లో 1986లో జరిగిన ప్రమాదాల్లో ఆపరేటర్‌కు కనిపించింది ‘మాల్‌ఫంక్షన్ 54’ అనే రెండు ముక్కలు. దాని అర్థం ఆపరేటర్ మాన్యువల్‌లో వివరించి లేదు. అలాంటి సంకేతాలు రోజూ వచ్చేవి, ‘పి’ మీట నొక్కితే యంత్రం మళ్లీ పనిచేసేది, అందుకే అలా నొక్కడం అలవాటైంది. ప్రమాదానికి మూలం సాఫ్ట్‌వేర్ లోపం, కానీ ఆ సందేశం ఆపరేటర్‌కు ఆగాల్సిన కారణం ఏమీ ఇవ్వలేదు. మీ సాఫ్ట్‌వేర్ చూపించే ‘ఎర్రర్ 1042’ అనే సందేశాన్ని చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

ఏమైంది, డబ్బు వెళ్లిందా లేదా, ఇప్పుడు ఏం చేయాలి: గుమస్తాకు ఈ మూడే కావాలి. మీ ప్రాంతంలో తప్పక ఎదురయ్యే సందర్భం ఒకటి చెప్తాను. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు ఆ తర్వాత చెల్లకుండా పోయాయి. సభ్యుడి పాస్‌బుక్‌లో ఇంకా పాత కోడే ఉంటుంది, గుమస్తా దాన్ని ఉన్నది ఉన్నట్టే కొడతాడు, ‘చెల్లని కోడ్’ అని వస్తుంది, ఎక్కడ తప్పు కొట్టానా అని మళ్లీ మళ్లీ కొడతాడు. ‘ఇది పాత ఆంధ్రా బ్యాంకు కోడ్. ఈ శాఖ ఇప్పుడు యూనియన్ బ్యాంకుది. కొత్త కోడ్ ఇది, వాడమంటారా? డబ్బు ఇంకా వెళ్లలేదు’ అని వస్తే పని అక్కడితో పూర్తవుతుంది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి, ఆ ఖాతాల కోడ్‌లను కూడా ఇలాగే సరిచూసుకోండి. సందేశం సంబంధిత గడి పక్కనే ఉండాలి, రంగు ఒక్కటే ఆధారం కాకూడదు. గుమస్తా ఒక గడి ముగించి ముందుకు వెళ్లాకే చెప్పండి, రెండో అంకె కొట్టగానే ఎరుపు చూపించకండి. ఏ తప్పు వచ్చినా, సెషన్ ముగిసినా అంతవరకు కొట్టినవన్నీ అలాగే మిగలాలి. దీన్ని పాటించని ఫారంలు ఇప్పటికీ ఇన్ని ఉండడం నాకు బాధ కలిగిస్తుంది.

రేపటి నుంచి మొదలుపెట్టాలంటే, ప్రోగ్రాము రాయడానికి ముందు లాగ్ (సాఫ్ట్‌వేర్ తనంతట నమోదుచేసుకునే చిట్టా) తీసి చూడండి. గత మూడు నెలల్లో ఏ గడిలో ఏ తప్పు సందేశం ఎన్నిసార్లు వచ్చింది, ఏ చెల్లింపులు వెనక్కి వచ్చాయి, బ్యాంకు ఏ కారణం చెప్పింది. బిల్లుల రోజున ఒక పూట గుమస్తా పక్కన కూర్చోండి. నేర్పడానికి కాదు, చూడడానికి. పేరు చూపించడం, మొత్తం అక్షరాల్లో రాయడం, పది నిమిషాల గడువు – ఈ మూడూ ముందు చేయండి.

పాప్‌అప్ ఒక్కటి ఉంచండి. సభ్యుడికి మామూలుగా వెళ్లే మొత్తానికి ఎన్నో రెట్లు ఎక్కువ పంపుతున్నప్పుడు మాత్రమే అది రావాలి. అందులో ‘ఈ సభ్యుడికి గత నెల 4,200 వెళ్లింది, ఇప్పుడు 42,000 పంపుతున్నారు’ అని ఉండాలి. బటన్ల మీద ‘అవును’, ‘కాదు’ బదులు ‘42,000 పంపు’, ‘మొత్తం మార్చు’ అని రాయండి. ఎప్పుడో గానీ రాదు కాబట్టి వచ్చినప్పుడు గుమస్తా దాన్ని చదువుతాడు.